నొప్పులు అనకూడదన్నారు

మొదటి రోజు క్లాసులోనే టీచర్ ఆ మాట తీసేసింది. "ఇవ్వాళ్టి నుంచి ఎవరూ నొప్పులు అనకండి. కాంట్రాక్షన్స్ అనండి. సగం భయం మాటలోనే ఉంది," అంది. హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. నేల మీద యోగా మ్యాట్లు, తొమ్మిది జంటలు. నేను 'హీ హీ హూ' అని ఊపిరి వదులుతుంటే మా ఆయన వెనక కూర్చుని ఫోన్లో స్టాప్‌వాచ్ చూస్తూ లెక్కపెడుతున్నాడు. అందరికీ నవ్వొస్తోంది, ఎవరూ నవ్వట్లేదు.

ఇంటికొచ్చి జగిత్యాలలో ఉన్న అమ్మమ్మకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. ఐదు కాన్పులూ ఇంట్లోనే అయిన మనిషి. కాసేపు ఆలోచించి, "నొప్పులు అనొద్దంటే మరేమనాలె బిడ్డా? నొప్పులొచ్చినయ్ అంటేనే గద మంత్రసానికి కబురు వోయేది," అంది.

ఆమె అన్నది నిజమే. నెల తప్పడం, నీళ్ళోసుకోవడం, కడుపుతో ఉండటం, కాన్పు, పురుడు, నీళ్ళాడటం... ఈ తొమ్మిది నెలల చుట్టూ మనకి ఎన్ని మాటలున్నాయో! కానీ గర్భసంచి బిగుసుకుని వదులయ్యే ఆ పనికి మాత్రం ఒక్కటే మాట. నొప్పి అంటే ఏ నొప్పయినా కావచ్చు. ముందు ఏమీ చేర్చకుండా "నొప్పులు" అంటే మాత్రం ఇదే. ఆ మాటని తీసేస్తే దాని చోట పెట్టుకోడానికి తెలుగులో ఇంకొకటి లేదు.

మూడు నెలల తర్వాత నాకు నొప్పులొచ్చాయి. అటెండెంట్లని లోపలికి రానివ్వని ఆసుపత్రి అది. మా ఆయన, ఆయన స్టాప్‌వాచ్ బయట కుర్చీలో ఉండిపోయారు. మొదటి ఐదారు గంటలు ఆ ఊపిరి నిజంగానే సాయం చేసింది, అబద్ధమెందుకు. ఆ తర్వాత లెక్క తప్పిపోయింది. నేను అరిచాను. బాగా అరిచాను. ఎపిడ్యూరల్ ఇమ్మని అడిగితే రాత్రిపూట మత్తు డాక్టర్ ఉండరన్నారు. అప్పుడొక నర్సు, చెడ్డమనిషేం కాదు, అలసిపోయి ఉంది, "క్లాసులకి వెళ్ళానన్నారుగా మేడమ్, ఇలా అరుస్తారేంటి?" అంది.

తెల్లవారుజామున పాప పుట్టింది. ఇద్దరం బాగున్నాం. "నార్మల్ డెలివరీ, అదృష్టవంతురాలివి," అన్నారందరూ. నాకు మాత్రం ఏదో పరీక్ష ఫెయిలయినట్టు ఉండేది. ఆ నర్సు మాట ఏడాదిన్నర నాతోనే ఉంది. పాప నిద్రపోయే మధ్యాహ్నాల్లో నేను చదవడం మొదలుపెట్టింది అందుకే. నొప్పులు అనకూడదని మొదట చెప్పిందెవరు? అరిస్తే ఫెయిలయినట్టేనని నిర్ణయించిందెవరు?

*

కథ మందుతో మొదలవుతుంది. మందు రాకముందు 'మందు లేని కాన్పు' అనే మాటకి అర్థమే లేదు కదా. 1847 జనవరిలో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ ఒక కాన్పులో ఈథర్ వాడాడు. అదే ఏడు నవంబరులో క్లోరోఫామ్ దొరికింది. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణి ఎనిమిదో కాన్పుకి జాన్ స్నో అనే డాక్టర్ చేతిరుమాలు మీద క్లోరోఫామ్ చుక్కలు వేసి 53 నిమిషాల పాటు పీల్పించాడు. కలరా నీళ్ళ ద్వారా వస్తుందని లండన్‌లో నిరూపించిన జాన్ స్నో ఈయనే. రాణిగారే పీల్చాక ఇంక అడ్డు చెప్పేవాళ్ళు తగ్గారు.

ఈ కథలో మన హైదరాబాదు కూడా ఉంది. క్లోరోఫామ్ గుండెని ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అని ప్రపంచమంతా కొట్టుకుంటున్న రోజుల్లో, ఇక్కడి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నిజాం డబ్బుతో 1888లో ఒకసారి, 1889లో ఇంకోసారి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ నడిపాడు. రెండోసారి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తన మనిషిని పంపింది. గుండెకేం ప్రమాదం లేదు, ఊపిరి చూసుకుంటే చాలని లారీ తేల్చాడు. ఆ మాట తప్పని తర్వాత తేలింది. కానీ ఆయన దగ్గర హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదువుకున్న రూపాబాయి ఫర్దూన్జీ మత్తుమందు ఇవ్వడంలో అందెవేసిన చెయ్యి అయింది. ప్రపంచంలో మొదటి మహిళా అనస్థటిస్ట్ ఆమేనని చాలామంది రాస్తారు. అర్ధరాత్రి మత్తు డాక్టర్ దొరకని నాకు, నూటముప్పై ఏళ్ళ కిందట అదే ఊళ్ళో రూపాబాయి ఉండేదని చదివినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో క్రోనిగ్, గౌస్ అనే ఇద్దరు డాక్టర్లు మార్ఫిన్‌తో స్కోపొలమిన్ కలిపి ఇచ్చారు. పేరు 'ట్విలైట్ స్లీప్'. సంధ్యవేళ నిద్ర అన్నమాట. ఇందులో తిరకాసు ఏమిటంటే ఆ మందు నొప్పిని పెద్దగా తీసెయ్యదు, నొప్పి జ్ఞాపకాన్ని తీసేస్తుంది. లోపల ఆడవాళ్ళు అరుస్తూ, మంచం మీంచి దూకబోతూ ఉంటే కట్టేసేవారు. మెలకువ వచ్చాక వాళ్ళకి ఏదీ గుర్తుండేది కాదు. అమెరికాలో స్త్రీహక్కుల కోసం పోరాడిన ఆడవాళ్ళే ఇది మాకూ కావాలని 1914లో సంఘం పెట్టుకున్నారు. ఆ ఉద్యమంలో ముందు నిలబడ్డ ఫ్రాన్సిస్ కార్మొడీ 1915లో కాన్పులోనే చనిపోయింది. ఆమె మరణానికి కారణం ఆ మందు కాదన్నారు, కానీ ఉద్యమం చల్లబడింది. మందు మాత్రం దశాబ్దాల పాటు అమెరికా ఆసుపత్రుల్లో ఉండిపోయింది. 1958లో లేడీస్ హోమ్ జర్నల్ పత్రిక కాన్పు గదుల్లో జరిగే క్రూరత్వం గురించి పాఠకుల ఉత్తరాలు అచ్చేసింది. చేతులూ కాళ్ళూ కట్టేశారని ఆడవాళ్ళు రాశారు.

మందు వద్దనే మాట ఎందుకు పుట్టిందో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది. అది మొదట మడి కట్టుకున్నవాళ్ళ మాట కాదు. తన కాన్పులో తాను మెలకువగా ఉండాలనుకున్న ఆడవాళ్ళ మాట.

*

కానీ ఆ మాటని సిద్ధాంతంగా రాసింది మగ డాక్టర్లు. మొదటివాడు ఇంగ్లండ్‌కి చెందిన గ్రాంట్లీ డిక్-రీడ్. కుర్ర డాక్టరుగా లండన్‌లోని వైట్‌చాపెల్ పేదవాడలో ఒక కాన్పుకి వెళ్ళాడట. ఆమెకి క్లోరోఫామ్ మాస్కు పెట్టబోతే వద్దంది. ప్రశాంతంగా కనింది. ఎందుకు వద్దన్నావని తర్వాత అడిగితే, నొప్పి పుట్టలేదు, పుట్టాలని కూడా లేదు కదా అన్నట్టు జవాబిచ్చింది. ఈయన ఆ మాటని జీవితమంతా పట్టుకున్నాడు. 1933లో 'నేచురల్ చైల్డ్‌బర్త్' అని పుస్తకం రాశాడు. భయం వల్ల కండరాలు బిగుస్తాయి, బిగిస్తే నొప్పి, నొప్పి వల్ల మళ్ళీ భయం. ఈ చక్రాన్ని తెంపాలంటే ముందు భయం పోవాలి, అంటే చెప్పాలి, చూపించాలి, పక్కన ఉండాలి. ఇంతవరకూ బంగారంలాంటి మాట.

దాని పక్కనే ఇంకో మాట ఉంది. చదువుకున్న ఇంగ్లీషు ఆడవాళ్ళు పిల్లల్ని కనడం తగ్గిస్తున్నారని, జాతి తగ్గిపోతోందని ఆయన బెంగ. 'ఆదిమ' జాతుల ఆడవాళ్ళు సులువుగా కనేస్తారు, నాగరికత నేర్చినవాళ్ళకే భయం అన్నాడు. పొలంలో కలుపు తీస్తూ కని, మళ్ళీ కొడవలి పట్టుకున్న కూలీ స్త్రీ కథ మన ఊళ్ళలోనూ చెబుతారు. ఆ కథ చెప్పేవాళ్ళెవరూ ఆ పొలంలో కన్నవాళ్ళు కాదు.

*

రెండో ఊరు ఖార్కివ్. అప్పట్లో సోవియట్ యూనియన్. యుద్ధంలో దాదాపు 2.7 కోట్లమంది పోయిన దేశం. 1944లోనే చట్టం తెచ్చి, పదిమంది పిల్లల్ని కన్న తల్లికి 'వీరమాత' బిరుదు ప్రకటించింది. పిల్లలు కావాలి, మందులకి కరువు. అలాంటి చోట వెల్వోవ్‌స్కీ అనే మనస్తత్వ వైద్యుడు, ఆయన తోటివాళ్ళు కలిసి పావ్లోవ్ సిద్ధాంతాన్ని కాన్పు గదిలోకి తెచ్చారు. గంట మోగితే కుక్కకి నోరూరినట్టు, 'నొప్పులు' అనే మాట వింటే ఆడదానికి నొప్పి పుడుతుందన్నారు. తరతరాలుగా విన్న మాటల వల్ల అలవాటైన ప్రతిచర్యే తప్ప కాన్పులో నొప్పి సహజం కాదు, కొత్త మాటలు, కొత్త అలవాట్లు నేర్పితే పోతుంది అన్నారు. గర్భిణీలకి పాఠాలు చెప్పారు. ఊపిరి, పొట్ట నిమరడం, నడుం దగ్గర నొక్కుకోవడం నేర్పారు. 1951లో ప్రభుత్వం ఈ పద్ధతిని దేశమంతా అమలు చెయ్యమని ఉత్తర్వు ఇచ్చింది.

ఇది చదివినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా క్లాసు టీచర్ చెప్పిన 'మాటలోనే భయం' ఎక్కడిదో దొరికింది. స్టాలిన్ రోజుల నాటి రష్యన్ పాఠం, హైదరాబాదులో యోగా మ్యాట్ మీద, ఇంగ్లీషు మాటలో!

ఆచరణలో ఏమైందో ఊహించడం కష్టం కాదు. కిక్కిరిసిన వార్డులు, చాలని సిబ్బంది. చాలాచోట్ల పాఠాలు నాలుగు ముక్కలకి కుదించుకుపోయి, ఆఖరికి 'అరవకు' అనే ఆజ్ఞ మిగిలింది.

*

అదే 1951లో పారిస్ నుంచి కొందరు డాక్టర్లు రష్యా చూడటానికి వెళ్ళారు. అందులో అరవై ఏళ్ళ ఫెర్నాండ్ లమాజ్ ఒకడు. లెనిన్‌గ్రాడ్‌లో నికొలాయెవ్ ఆసుపత్రిలో ఒకామె గంటల తరబడి ఉండి, నవ్వుముఖంతో కనడం చూశాడు. దశాబ్దాలుగా కాన్పులు చేస్తున్న మనిషి, అంతా కొత్తగా నేర్చుకోవాలని తిరిగొచ్చాడు. పారిస్‌లోని బ్లుయే వీధిలో ఆయన పనిచేసే ప్రసూతి ఆసుపత్రి లోహ కార్మికుల యూనియన్‌ది. కమ్యూనిస్టు అనుబంధమున్న యూనియన్. 1952 నుంచి అక్కడ ఫ్యాక్టరీ కార్మికుల భార్యలకి పాఠాలు చెప్పారు. ఫ్రెంచిలో కూడా కాన్పుకి వాడే మాట 'నొప్పులు'. దాన్ని తీసేసి 'కాంట్రాక్షన్లు' పెట్టారు. కుక్కపిల్ల ఒగర్చినట్టు పైపైన వేగంగా తీసే ఊపిరి లమాజ్ చేర్చిందే. మంత్రసాని, డాక్టరు, వంటమనిషి, ఊడ్చే మనిషి, అందరూ ఆ పాఠం నేర్చుకోవాలన్నారు, ఎవరి నోటా తప్పుమాట రాకూడదని.

'నొప్పుల్లో కంటావు' అని బైబిల్లో ఉంది కదా, ఇది తప్పా అని పోప్ పన్నెండవ పయస్‌ని అడిగితే, 1956 జనవరిలో తప్పేం కాదన్నాడు. కమ్యూనిస్టు పద్ధతికి పోప్ ఆమోదం. 1957లో జాఁ గాబేఁ హీరోగా దీని మీద సినిమా వచ్చింది. అదే ఏడు మార్చిలో లమాజ్ పోయాడు.

ఇక నేను వెతుకుతున్నది ఇక్కడ దొరికింది. లమాజ్ ప్రతి కాన్పుకీ మార్కులు వేసేవాడు. ఒక చివర 'అద్భుతం', ఇంకో చివర 'పూర్తి వైఫల్యం'. దేన్నిబట్టి? ఆమె ఎంత కదిలింది, ఎంత అరిచింది అన్నదాన్నిబట్టి. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నా సరే, అరిస్తే మార్కులు పోతాయి. నొప్పి లేదు అన్నది సిద్ధాంతం కాబట్టి, ఎవరికైనా నొప్పి పుట్టిందంటే తప్పు సిద్ధాంతానిది కాదు, ఆమెది. సరిగ్గా నేర్చుకోలేదు, లేదా మనసు గట్టిది కాదు.

హైదరాబాదు నర్సు నోట విన్నది అదే మార్కుల పట్టీ. ఆమెకి లమాజ్ ఎవరో తెలియకపోవచ్చు. పట్టీ మాత్రం చేతులు మారుతూ ఆమె దాకా వచ్చింది.

*

అమెరికా చేరాక ఈ కథ కొంచెం మెత్తబడింది. 1955లో పారిస్‌లో లమాజ్ దగ్గర బిడ్డని కన్న మార్జొరీ కార్మెల్ 1959లో 'థాంక్యూ డాక్టర్ లమాజ్' అని పుస్తకం రాసింది. జర్మనీ నుంచి హిట్లర్ రోజుల్లో వెళ్ళిపోయిన ఫిజియోథెరపిస్టు ఎలిజబెత్ బింగ్‌తో కలిసి 1960లో సంఘం పెట్టింది. కోల్డ్ వార్ రోజులు. రష్యా పేరు ఎత్తకుండా ఫ్రెంచి పేరుతోనే పద్ధతిని ఇంటింటికీ చేర్చారు. భర్తలు లోపలికి రావడం అలవాటైంది. బింగ్ దీన్ని 'సహజ' కాన్పు అనేది కాదు, 'సిద్ధపడిన' కాన్పు అనేది. మందు కావాలంటే తీసుకోవచ్చు, కానీ తెలిసి తీసుకో అన్నది ఆమె ఉద్దేశం. అప్పటి సంఘమే ఇవాళ ఫలానా లెక్కలోనే ఊపిరి తీయాలని పట్టుపట్టడం మానేసింది. ఆ సంగతి మా క్లాసుకి ఇంకా చేరలేదు.

నొప్పి నిజంగా పోయిందా అని లెక్క చూసినవాడు మాంట్రియల్‌లోని రొనాల్డ్ మెల్జాక్. 1965లో పాట్రిక్ వాల్‌తో కలిసి, వెన్నుపాములో నొప్పికి ఒక గేటు లాంటిది ఉంటుందని, నిమరడం, నొక్కడం, ధైర్యం, భయం అన్నీ ఆ గేటుని కొంచెం మూయగలవు, తెరవగలవు అని చెప్పిన మనిషి. మందు లేని పద్ధతులు ఎందుకు పనిచేస్తాయో చెప్పే సిద్ధాంతం ఆయనదే. 1981లో ఆయన బృందం కాన్పులో ఉన్న ఆడవాళ్ళనే అడిగి చూసింది. క్లాసులకి వెళ్ళినవాళ్ళకి నొప్పి కొంత తగ్గింది. కానీ పోలేదు. చాలామందికి తీవ్రంగానే ఉంది, చాలామంది ఎపిడ్యూరల్ అడిగారు. ఆ పరిశోధనా వ్యాసం పేరే 'శిక్షణ తర్వాత కూడా కాన్పు నొప్పిగానే ఉంటుంది' అని. ఆ పేరు చదివి నేను ఏడ్చాను. ఒక వైద్య పత్రికలోని శీర్షికకి ఏడ్చినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మరి ఏది పనిచేస్తుంది? మొదటి దశలో నొప్పి ఎక్కువగా నడుం దగ్గర వెన్నులోకి చేరుతుంది, అందుకే అక్కడ గట్టిగా నొక్కితే ఉపశమనం. గోరువెచ్చని నీళ్ళు, నడవడం, ముందుకు వంగడం, వెల్లకిలా పడుకోకపోవడం, నెమ్మదైన ఊపిరి, ఇవన్నీ కొంత కొంత సాయపడతాయి. కానీ ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది గ్వాటెమాలా. 1980లో అక్కడి ఒక ఆసుపత్రిలో, ఒంటరిగా కాన్పుకి వచ్చిన ఆడవాళ్ళలో కొందరి పక్కన ఒక మామూలు ఆడమనిషిని కూర్చోబెట్టారు. మందు లేదు, మంత్రం లేదు. వీపు రుద్దడం, చెయ్యి పట్టుకోవడం, మాట్లాడటం, అంతే. పక్కన మనిషి ఉన్నవాళ్ళకి ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి బిడ్డ పుట్టేదాకా సగటున 8.8 గంటలు పట్టింది. లేనివాళ్ళకి 19.3 గంటలు. తర్వాతి అధ్యయనాల్లో తేడా ఇంత పెద్దగా లేదు. అయినా దిక్కు మాత్రం అదే.

ఇది అమ్మమ్మకి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. దూలానికి కట్టిన చీరకొంగు పట్టుకుని తాను వేలాడుతుంటే, మంత్రసాని వెనక నుంచి మోకాలు నడుముకి ఆనించి కూర్చునేదని చెప్పింది. "అరిచేదానివా?" అని అడిగాను. "అరువక? ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచిన. ఆమె 'అరువు బిడ్డా, నేను పట్టుకునే ఉన్న గద' అనేది." అని, కాసేపాగి, "నాలుగోది బతుకలె. అప్పుడు డాక్టరుంటే బతికేదేమో," అంది. ఆమె రోజులు మంచివని నేను అనుకోకుండా ఆ ఒక్క మాట ఆపింది.

*

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సిఫార్సుల్లో ఈ కథ అంతా నాలుగైదు వాక్యాల్లో ఉంది. కాన్పుకి వచ్చిన ప్రతి ఆడమనిషికీ తనకి నచ్చిన తోడు ఉండాలి. నడవనివ్వాలి. ఊపిరి, మర్దన లాంటివి కోరుకుంటే అందించాలి. ఎపిడ్యూరల్ అడిగితే అదీ ఇవ్వాలి. ఒకటి ఎంచుకుంటే ఇంకొకటి పోగొట్టుకోవాలని అందులో లేదు. మన దేశంలోనూ 2017లో మొదలైన 'లక్ష్య' కార్యక్రమం కాన్పు గదిలో తోడు ఉండాలంటుంది.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తమ్మీద 21.5. ఇందులో అవసరమైనవి ఎన్నో ఉంటాయి, అవి ప్రాణాలు కాపాడినవే. కానీ నా స్నేహితుల్లో ముహూర్తం కోసమో, డాక్టర్ తొందరకో కాకుండా కేవలం నొప్పుల భయంతో ఆపరేషన్ అడిగినవాళ్ళు ఉన్నారు. వాళ్ళని తప్పుపట్టలేను. ఒంటరిగా, అరవకుండా, మత్తు డాక్టర్ లేకుండా, వెల్లకిలా పడుకుని పద్నాలుగు గంటలు ఉండటమా, ఆపరేషనా అని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు?

వచ్చే నెల మా చెల్లికి నెలలు నిండుతాయి. అదే క్లాసుకి వెళ్తోంది. 'కాంట్రాక్షన్స్' అంటోంది, నేను సరిదిద్దట్లేదు. ఊపిరి నేర్చుకోమన్నాను, మొదటి గంటల్లో పనికొస్తుంది. పోయిన వారం ఇద్దరం కలిసి రెండు ఆసుపత్రులకి వెళ్ళాం. గదులు, ప్యాకేజీలు, ఫొటోషూట్ గురించి చాలా చెప్పారు. మేం అడిగినవి రెండే. రాత్రి రెండింటికి మత్తు డాక్టర్ ఉంటారా? నన్ను లోపలికి రానిస్తారా?

మొదటి ఆసుపత్రిలో రిసెప్షన్ అమ్మాయి లోపలికి వెళ్ళి ఎవరినో అడిగొచ్చి, "లేదండీ, మా దగ్గర రూల్ కాదు," అంది. రెండోచోట ఒక పెద్ద నర్సు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "వస్తే రండి గానీ ఊరికే నిలబడొద్దు. నడుం నొక్కడం వచ్చా?" అంది.

వచ్చు అన్నాను. ఆ సాయంత్రం అమ్మమ్మకి వీడియో కాల్ చేసి, మోకాలు ఎక్కడ ఆనించాలో చూపించమని అడిగాను.